కత్తిరించిన కొసలు

మా ల్యాబులో ఒక మగ్గం ఉంది. వార్నీషుతో నిగనిగలాడుతూ ఉంటుంది. వచ్చిన అతిథులంతా దాని పక్కన నిలబడి ఫొటోలు దిగుతారు. నాకు మాత్రం దాన్ని చూస్తే ఒళ్ళు మండుతుంది.

పెనుకొండ దాటి హిందూపురం పోయే దారిలో ఉంది మా విశ్వవిద్యాలయం. నేతలో పరిశోధన చేసే పిల్లలకు నిజమైన మగ్గం చూపించాలని నేనే పట్టుబట్టాను. ధర్మవరంలో నాకు తెలిసిన ఒకామె, భర్త పోయాక, ఆయన నేసిన మగ్గాన్ని ఇస్తానంది. ఒక్కటే మాట అడిగింది.

మగ్గం మీద చీర అయిపోయాక దారాలన్నీ తీసేయరు. పోగులు దూరే అచ్చులో జానెడు కొసలు వదిలేస్తారు. కొత్త చీరకు పడుగు, అంటే నిలువు పోగులు, ఎక్కించేటప్పుడు వేళ్ళకు బూడిద అద్దుకుని, ఆ కొసలకే ఒక్కో పోగూ మెలిపెట్టి అతుకుతారు.

"మా మామ నేసిన కాలంనుంచీ ఈ కొసలు తెగల్యా మేడం. ఆయన కొసలకు మాయన అతికినాడు. ఇప్పుడుండేవి మాయనవి. ఆడ కూడా తెగనీయద్దు. మీ పిల్లోళ్లకు నేర్పే దినం నేనే వచ్చి కొత్త పడుగు అతుకుతా."

"నాది పూచీ, అక్కా," అన్నాను. అచ్చును కొసలతో సహా పాత చీరలో చుట్టి తెచ్చాం. మగ్గానికి బిగించి, ముట్టుకోవద్దని పెద్ద అక్షరాలతో అట్ట రాసి వేలాడదీశాను. ఇంకేం చేయాలి?

ఇంతలో బయటి దేశపు విశ్వవిద్యాలయంతో ఒప్పందం కుదిరింది. సంతకాల రోజే మగ్గం ప్రారంభం అన్నారు. ఆమెకు కబురు పెట్టి, నేను పరీక్ష పేపర్లు దిద్దడానికి అనంతపురం పోయాను. తిరిగొచ్చింది నేరుగా సభకే. బస్సు దిగిన ఆమెను వెంటబెట్టుకుని ల్యాబులోకి వెళ్ళాను.

మగ్గానికి పూలదండలు. మీద అంగట్లో కొన్న జరీ చీర. నా అట్ట లేదు.

"కొసలేవప్పా?" అని అలంకరణ చూసుకున్న మా సహోద్యోగిని అడిగాను.

"మురిగ్గా ఉన్నాయి మేడం, ఫొటోల్లో బాగుండవని కత్తిరించి పారేయించినా. అచ్చు కూడా కడిగించినా. ఎంత నీటుగా ఉండాదో చూడండి!"

నాకు తిక్క రేగింది. అతిథులున్నారని కూడా చూడకుండా అరిచాను. చెత్తకుప్ప దాకా పరుగెత్తాను. పొద్దున్నే తగలబెట్టేశారట. దేవుడా, ఏం ముఖం పెట్టుకుని వెనక్కి రావాలి!

వచ్చేసరికి ఆమె మగ్గం ముందు కూర్చుని ఉంది. మా మాటలు వినలేదో, విన్నా నమ్మలేదో. ఒళ్ళో కొత్త పట్టు పడుగు, పక్కన బూడిద డబ్బా. వేళ్ళకు అప్పటికే బూడిద అద్దుకుంది. జరీ చీర పక్కకు జరిపి, ఖాళీ అచ్చును చేత్తో తడిమింది.

"యాడ అతికేది మేడం?"

నాకు ఏడుపు ఆగలేదు. ఆమె కొంగుతో వేళ్ళు తుడుచుకుని నా భుజం మీద చెయ్యి వేసింది.

"ఊరుకో మేడం. ఆయన పోయిన దినం, కొసలన్నా మిగిలినాయి కదా అనుకున్యా."