పాపకు కాదు, లెన్సుకు కామెర్లు

మా అమ్మాయికి పాప పుట్టిన మూడో వారంలో నేను తీసిన ఒకే ఒక్క ఫోటో చూసి, తిరుత్తణిలో మా అమ్మ పొయ్యి మీద పాలను అట్లాగే వదిలేసి ఫోనుకోసం పరిగెత్తింది. ఆ పాలు పొంగి స్టవ్వంతా పాడైందని ఇప్పటికీ నన్నే తిడుతుంది.

ఫోటో సంగతికి ముందు మా నాయన సంగతి చెప్పాలి. ఆయన తిరుత్తణి బజారులో చాలా ఏళ్లు స్టూడియో నడిపాడు. కొండ మీద గుండు కొట్టించుకుని, తలకు చందనం పూసుకుని దిగివచ్చిన పిల్లలు ఎంతమందో ఆయన స్టూలెక్కి కూర్చుని ఏడ్చారు. పెళ్లి సంబంధాల కోసం తీసే ఫోటోలకైతే ఆయన దగ్గర వేరే విద్య ఉండేది. నెగటివ్ మీద పెన్సిల్‌తో సన్నగా రుద్ది, నల్లపిల్లను ప్రింటులో తెల్లగా చేసేవాడు. ఇంటి పిల్లల ఫోటోలకు మాత్రం పెన్సిల్ ముట్టుకునేవాడు కాదు. "మన బిడ్డలు ఎట్ల పుట్టినారో అట్లే ఉండనీ" అనేవాడు. మా ఇంట్లో ప్రతి బిడ్డకూ మొదటి ఫోటో ఒకే లెన్సుతో, నలుపు తెలుపులో తీశాడు. నాదీ అంతే, మా అమ్మాయిదీ అంతే.

నాయన నిగనిగలాడే నలుపు. ఆ రంగు ఆయన పిల్లల్లో ఎవరికీ రాలేదు, అందరం అమ్మ పోలికే. "మీ నాయన నెగటివ్‌లోనే తెల్లగా ఉంటాడు" అని అమ్మ మా చిన్నప్పటినుంచీ ఎగతాళి చేస్తుంది. ఆయన నవ్వేస్తాడు. కానీ పుట్టిన బిడ్డ చెవి అంచులు చూస్తే ముందుముందు రాబోయే రంగు తెలుస్తుందంటారు కదా, ఇంట్లో ఎవరికి బిడ్డ పుట్టినా ఆయన వెళ్లి ముందు చెవులే చూస్తాడు.

మునిమనవరాలు పుట్టగానే ఆ లెన్సును బీరువాలోంచి తీసి, తిరువళ్లూరులో మా ఇంటికి తెచ్చి నా చేతిలో పెట్టాడు. పట్టుగుడ్డలో చుట్టి, పక్కన కర్పూరం బిళ్ళ వేసి, ఇరవై ఏళ్లకు పైగా గాలీ వెలుతురూ తగలకుండా దాచాడు. "నీ కొత్త కెమెరా నాకు తెలీదు. నువ్వే తియ్యి, దీంతోనే తియ్యి" అన్నాడు. పాత లెన్సును కొత్త కెమెరాకు కలిపే రింగు ఒకటి తెప్పించి, దాంతో నా కెమెరాకు తగిలించాను. కిటికీ దగ్గర పాపను పడుకోబెట్టి ఫోటో తీశాను. ఆఫీసుకు టైమైపోతోందని సరిగ్గా చూడకుండానే ఫ్యామిలీ గ్రూపులో పెట్టేశాను.

బస్సెక్కేలోపే అమ్మ ఫోన్.

"ఒరే, పాప పసుపు పూసినట్ల ఉండాది! మంజకామాలై రా అది, పచ్చకామెర్లు! తెల్లారి ఎండలో పెట్టండి, మేం వస్తా ఉండాం!"

మరునాడు తొలి ఎలక్ట్రిక్ ట్రైనుకు అమ్మా నాయనా ఇద్దరూ దిగారు. పాప ఎర్రగా, హాయిగా నిద్రపోతోంది. అయినా అమ్మ నమ్మలేదు. అందరం కలిసి డాక్టరమ్మ దగ్గరికి వెళ్లాం. ఆవిడ పాప నుదురు వేలితో నొక్కి చూసింది, కళ్లు చూసింది. "కొళందై నల్లా ఇరుక్కు" అని, బిడ్డ బాగానే ఉందని అరవంలో తేల్చేసింది. అమ్మ వదల్లేదు, ఫోన్ తీసి ఫోటో చూపించింది. డాక్టరమ్మ కళ్లద్దాలు సర్దుకుని, "ఇందులో గోడ కూడా పచ్చగా ఉందే! గోడక్కూడా కామెర్లా?" అంది.

మేమంతా పగలబడి నవ్వాం. నాయన నవ్వలేదు.

ఇంటికి రాగానే లెన్సును ఒక తెల్లకాగితం మీద పెట్టి వంగి చూశాడు. గాజులోంచి కాగితం స్ట్రాంగ్ టీ రంగులో కనిపించింది. మెల్లగా దాన్ని పట్టుగుడ్డలో చుట్టేశాడు. "ఇంక దీని పని అయిపోయింది. ఫోన్లోనే తీసుకోండి" అన్నాడు.

మా అమ్మాయి, "తాతా, ఫోన్లో ఒక్కసారి నొక్కితే పసుపంతా పోతుంది" అంది.

"అది పెన్సిల్ పెట్టినట్లే గదమ్మా" అన్నాడాయన.

ఆ సాయంత్రం నెట్‌లో వెతికితే అసలు సంగతి తెలిసింది. ఆ కాలంలో కొన్ని లెన్సుల గాజులో థోరియం అనే, కొద్దిపాటి రేడియేషన్ ఉండే లోహాన్ని కలిపేవాళ్లట. ఏళ్లు గడిచేకొద్దీ ఆ గాజు పసుపెక్కుతుంది. నలుపు తెలుపు ఫోటోల్లో ఆ సంగతి బయటపడదు. చీకట్లో దాచితే పసుపు పేరుకుంటూ పోతుంది, ఎండ తగిలితే విరుగుతుంది. నాయనకు చెప్పాను.

"అంటే బద్రంగా దాచి నేనే చెడగొట్నా?" అన్నాడు.

అమ్మ లోపల్నుంచి వచ్చింది. "ఎండలో పెట్టండి, ఎండలో పెట్టండి అని నేను నిన్నట్నుంచీ అరస్తానే ఉండా. పిల్లకి అక్కర్లేదంటే దానికన్నా పెట్టండి!"

తెల్లారి నాయన తన తుండుగుడ్డను డాబా పిట్టగోడ మీద పరిచి, లెన్సును దానిమీద నిలబెట్టాడు. కాసేపటికి కాలిన వాసన. వెళ్లి చూస్తే, ఎండంతా ఒకచోట చేరి తుండుగుడ్డకు రూపాయంత బొక్క పడి, పొగ వస్తోంది. "మీ ఆయన డాబా తగలబెడతాడు" అని ఎదురింటావిడ అమ్మకు ఫిర్యాదు కూడా చేసింది. ఆ తరువాత చపాతీలు చుట్టే వెండికాగితం పరిచి, దానిమీద పెట్టాం. రేడియేషన్ ఉన్న ఆ గాజు చంటిపిల్ల దగ్గర ఉండకూడదని నేను పట్టుబట్టడంతో లెన్సు డాబా మీదే ఉండేది. పాప కింద వరండాలో నూనె రాయించుకుని, మా అమ్మ కాళ్ల మీద లేత ఎండ కాచుకునేది. కామెర్లు లేకపోతే ఏం, ఎముకలకు మంచిదట.

తిరుత్తణికి తిరిగి వెళ్లే మాట అమ్మా నాయనా ఇద్దరూ ఎత్తలేదు. నాయన రోజూ సాయంత్రం లెన్సును తెల్లకాగితం మీద పెట్టి అందరినీ పిలిచేవాడు. స్ట్రాంగ్ టీ కాస్తా లైటు టీ అయింది. తరువాత అది కూడా పలచబడుతూ వచ్చింది. మబ్బు పట్టిన రోజు ఆయన సరిగ్గా అన్నం తినేవాడు కాదు. పాపకు మూడో నెల నిండిన రోజు, కాగితానికీ గాజుకూ తేడా తెలియలేదు. నాకు చప్పట్లు కొట్టాలనిపించింది. కొట్టాను కూడా.

నాయన తన ఉతికిన తెల్లపంచె తెచ్చి కుర్చీ మీద పరిచాడు. దాని మీద పాపను ఆనించి కూర్చోబెట్టాం. కెమెరా నేను పట్టుకున్నా, లెన్సు మీది ఫోకస్ రింగు ఆయనే తిప్పాడు. పాత చెయ్యి, ఎక్కడ ఆగాలో దానికి తెలుసు. అంతలో పాప తల పక్కకు వాలిపోయింది. ఆయన గబగబా వెళ్లి వెనకనుంచి అరచేత్తో తల పట్టుకుని, "నొక్కు రా!" అని అరిచాడు.

నొక్కాను.

తెరమీద చూశాం. పంచె పంచెలాగే తెల్లగా ఉంది. మొన్నటిదాకా ఎర్రగా ఉందని మేమంతా మురిసిన పాప మాత్రం, అంత తెల్లదనం పక్కన నిగనిగలాడుతూ నల్లగా ఉంది.

"ఎండలో పెట్టి పెట్టి బంగారట్లాంటి పిల్లను నల్లంగా చేసినారు గదరా!" అంది అమ్మ.

నాయన ఆమె మాట వినిపించుకోలేదు. రెండు వేళ్లతో ఫోటోను పెద్దది చేసి, ముందు చెవులు చూశాడు. ఆ తరువాత పాప తలను పట్టుకున్న తన చెయ్యి దగ్గర ఆగిపోయాడు. చెంపకూ చేతికీ రంగులో ఏ తేడా లేదు.

"యాడ నా చెయ్యి, యాడ పాప చెంప? చెప్పు చూస్తాం!" అని అమ్మను అడిగాడు. నవ్వుతూనే ఉన్నాడు, కళ్లనుంచి నీళ్లు కారుతున్నాయి. అమ్మాయినీ, నన్నూ, ఎదురింటావిడనూ పిలిచి అదే ప్రశ్న అడిగాడు.

చివరికి కెమెరా నా చేతికిచ్చాడు. "పెద్దది చేసి ప్రింటు తియ్యి రా. రంగు మాత్రం ఎవురూ ముట్టుకోగూడదు."