ఎక్కడికని అడిగిన అవ్వ

నా చిన్నప్పుడు మా ఇంట్లో గుమ్మం దాటబోయే మనిషిని ఎక్కడికని అడగడం మహాపరాధం. అమెరికాలో పుట్టిన పిల్లనైనా నాకు అక్షరాలకన్నా ముందు ఆ పాఠమే వంటబట్టింది. నాన్న షూ లేసులు కట్టుకుంటుండగా నేను నోరు జారానా, ఆయన వెనక్కొచ్చి కుర్చీలో కూర్చుని, గ్లాసుడు మంచినీళ్లు తాగితే గానీ మళ్లీ బయల్దేరేవారు కాదు. ఈలోగా అమ్మ గిల్లిన చోట తొడ భగ్గుమనేది.

అప్పుడు మేం ఆర్కన్సాలో, బెంటన్‌విల్ దగ్గర ఉండేవాళ్లం. నాన్న కాలేజీలో లెక్కలు చెప్పేవారు. పక్కింటి ఆంటీ పసిఫిక్ సముద్రం నడుమ ఉన్న ఒక పగడపు దీవి నుంచి వచ్చి కోళ్ల ఫ్యాక్టరీలో పనిచేసేది. ఆవిడ ఇంగ్లీషు అమ్మకీ, అమ్మ ఇంగ్లీషు ఆవిడకీ సగమే అర్థమయ్యేది, అయినా ఇద్దరూ ప్రాణస్నేహితులు. ఒక వేసవిలో తన తల్లిని చూడ్డానికి వెళ్తూ మమ్మల్ని కూడా రమ్మంది. విమానాలు మారీ మారీ, చివరికి పడవెక్కి ఆ దీవి చేరాం. ఊరి మధ్యలో ఆంటీ చుట్టాలింట్లో మాకు బస. సన్నటి ఇసుకపట్టీ మీద కొబ్బరిచెట్లూ, కొన్ని ఇళ్లూ. ఒకవైపు దీవుల నడుమ చిక్కుకున్న కదలని లోపలి నీళ్లు, రెండోవైపు హోరెత్తే సముద్రం.

మా కర్మకొద్దీ ఆ దీవిలో పలకరింపే ‘ఎక్కడికి?’ అనడం. నీళ్లకు పోతున్నా, చేపలకు పోతున్నా ఇంటింటివాళ్లూ అడిగేవారు, పోయేవాళ్లు నిలబడి జవాబు చెప్పేవారు. మొదటిరోజు నాన్న అడుగడుగునా వెనక్కొచ్చి నీళ్లు తాగారు. అక్కడ మంచినీళ్లంటే వాన కురిస్తే తొట్లలో పట్టుకున్నవే. అది తెలిశాక సిగ్గుపడి ఆ అలవాటు మానుకున్నారు గానీ, జవాబు మాత్రం చెప్పేవారు కాదు. “ఇక్కడికే” అని నవ్వేసి తప్పించుకునేవారు.

ఒక మధ్యాహ్నం ఆయన షూ వేసుకుంటున్నారు. అడగాలని నాకు నాలుక దురద పెట్టింది. అమ్మ కళ్లతోనే వద్దంది. తను కూడా అడగలేదు. నాన్న ఇళ్ల ముందు నుంచి కాకుండా, ఎవరి కంటా పడకూడదని లోపలి నీళ్ల ఒడ్డున నడిచి వెళ్లిపోయారు.

ఎండ చల్లబడినా ఆయన రాలేదు. మధ్యాహ్నం రాళ్లు తేలి కనిపించిన చోటల్లా నీళ్లు పైకి వచ్చేశాయి. అమ్మ మొదట విసుక్కుంది, తర్వాత గుమ్మానికీ ఒడ్డుకీ మధ్య తిరగడం మొదలెట్టింది. పక్కింటి ఆంటీ పరుగున వచ్చి, “ఎక్కడికి వెళ్తున్నానని చెప్పారు?” అంది.

“చెప్పలేదు.”

“నువ్వు అడగలేదా?”

అమ్మ తల అడ్డంగా ఊపింది. ఆంటీ ముఖంలో కోపం కనపడలేదు, భయం కనపడింది. అదే నన్ను ఎక్కువ భయపెట్టింది.

ఊరంతా కదిలింది. చూసినవాళ్లున్నారు గానీ, అందరికీ ఆయన చెప్పింది “ఇక్కడికే” అన్న ఆ ఒక్క మాటే. లోపలి ఒడ్డున కనిపించారన్నారు గనక అందరూ అటే వెతికారు. చాలాసేపు అటే వెతికాం. నేను అమ్మ చీర కుచ్చెళ్లు గుప్పిట్లో పట్టుకుని, “నాన్నా!” అని అరుస్తూనే ఉన్నాను. సముద్రం హోరులో నా గొంతు నాకే వినపడలేదు.

దీవి కొసన, లోపలి ఒడ్డూ సముద్రపు ఒడ్డూ కలిసే చోట, ఆఖరి ఇల్లు ఆంటీ తల్లిది. మేం వెళ్లేసరికి ఆ అవ్వ గుమ్మంలో లేదు. సముద్రంలో మోకాళ్లలోతున నిలబడి, పక్క దీవి వైపు చెయ్యి చాపి ఉంది. మధ్యాహ్నం ఆకులతో చాప అల్లుకుంటూ నాన్నని కూడా అడిగిందట. ఆయన నవ్వేసి పోబోతే చొక్కా పట్టుకుందట. పక్షులున్న ఆ దీవి వైపు వేలు పెట్టి చూపించేదాకా వదల్లేదట. ఆటు వేళ నీళ్లు తగ్గినప్పుడు రాళ్లమీద నడిచి వెళ్లొచ్చు, పోటెక్కితే దారి మునిగిపోతుంది. మనిషి తిరిగి రాకపోయేసరికి అవ్వ అప్పటికే కొడుకుని పడవలో పంపేసింది.

ఆ వేలి వెంట చూశాం. దూరంగా ఒక బండ, దాని మీద నాన్న తెల్ల చొక్కా. నీళ్లు ఆయన నడుము దాటాయి. పడవ ఆయన వైపు తిరిగిన ప్రతిసారీ ప్రవాహం పక్కకి లాక్కుపోతోంది. అమ్మ ఇసుకలో కూలబడింది. “అడగాల్సింది, నేను అడగాల్సింది” అని ఒకటే మాట. పడవ ఒకసారి బండ దాకా వచ్చి జారిపోయింది. నాన్న రెండు చేతులూ చాపి ఉన్నారు. రెండోసారి పడవ అంచు చేతికి అందింది. అప్పుడు గానీ అవ్వ చాపిన చెయ్యి దించలేదు.

నాన్న ఒడ్డుకి చేరాక అవ్వ తన భాషలో ఏదో అంది. ఆంటీ మాకు చెప్పింది. అడిగినవాళ్లు మనిషి తిరిగొచ్చేదాకా కనిపెట్టుకుని ఉండాలట. ఎవరూ అడగని మనిషి కోసం ఎవరు చూస్తారు అందట.

మర్నాడు నాన్న షూ వేసుకుంటుంటే అమ్మ గుమ్మంలో నిలబడింది. పుట్టి బుద్ధెరిగాక ఎప్పుడూ అనని మాట అంది.

“ఎక్కడికండీ?”

నాన్న వెనక్కి రాలేదు, నీళ్లడగలేదు. “చర్చి పక్కన కొబ్బరిచెట్ల దాకా. ఎండెక్కకముందే వచ్చేస్తాను” అన్నారు, బడిపిల్లాడిలా. ఆయన వచ్చేదాకా అమ్మ ఆ గుమ్మం కదల్లేదు.

ఇప్పుడు బెంటన్‌విల్‌లో మా ఇంటి కింది గదుల్లో ఎమ్మెస్ చదివే పిల్లలు అద్దెకుంటారు. కారు తాళాల చప్పుడు వినపడితే చాలు, నేను మెట్లమీదికి వచ్చేస్తాను. “ఎక్కడికి?” అంటాను. కొందరికి అది శకునం, కొందరికి నా ఆరా. “ఇక్కడికే ఆంటీ, జస్ట్ గ్రాసరీస్‌కి” అని విసుక్కుంటారు. ఏ షాపో చెప్పేదాకా వదలను. ముసలిదానికి వేరే పనిలేదని వాళ్లు నవ్వుకుంటారని తెలుసు. నవ్వుకోనీ. అడిగాను కనక, ఆ కారు తిరిగొచ్చేదాకా కిటికీ దగ్గర కూర్చోవడం నా పని.