ఇనుము మీద పడిన నింద

మా చెల్లెలు కెంజెబూ మొదటి బహుమతి గెలిచింది పదకొండో ఏట. పళ్ళకు ఆనించి వేలితో మీటే ఇనుప వాద్యం కొముజ్‌ను రెండేళ్ళు పెదవులు చీరుకుపోతున్నా నేర్చింది. వేసవి మేత బీళ్ళలో జరిగిన పోటీలో గడ్డాలు నెరిసిన ముగ్గురిని ఓడించి పొట్టేలు పిల్లను తోలుకొచ్చింది. ఇరవయ్యో ఏట నారిన్ పట్టణంలో ప్రథమ బహుమతి. తరవాత రేడియో. మా ఊరు కోచ్కోర్‌లో నలభైమంది ఆడపిల్లలు ఆమె దగ్గర నేర్చినవాళ్ళే. ఇవన్నీ నేను చెప్పాల్సిందే, ఆమె చెప్పుకోదు.

యాభై ఆరో ఏట చిగుళ్ళలో నెత్తురు కనిపించింది. పై పళ్ళు రెండు కదిలాయి. ఇనుము పళ్ళను తినేస్తుందని ఊరంతా అన్నారు. నేనూ అన్నాను. ఆమె కొముజ్‌ను ఉన్నిగుడ్డలో చుట్టి పెట్టెలో పెట్టేసింది. చలికాలమంతా ముట్టలేదు. ఆ బెంగతో, మా అందరి అలవాటే, చక్కెర గడ్డ పంటికింద పెట్టుకుని టీ మీద టీ తాగింది. పళ్ళు ఇంకా వదులయ్యాయి.

వసంతంలో పళ్ళ డాక్టరు సెజిమ్ దగ్గరికి తీసుకెళ్ళాను.

"దాహం ఎక్కువగా వేస్తోందా అక్కా?"

"మా అన్నయ్య కబుర్లు పక్కన కూర్చుని వింటే ఎవరికైనా గొంతెండుతుందమ్మా."

సెజిమ్ నవ్వుతూనే వేలికి సూది గుచ్చి నెత్తురు పరీక్షించింది. నవ్వు ఆగిపోయింది. చక్కెర జబ్బు.

"తప్పు కొముజ్‌ది కాదక్కా. నెత్తురులో చక్కెర పెరిగితే చిగుళ్ళు పాడవుతాయి. చిగుళ్ళు పాడైతే చక్కెర దిగనంటుంది. రెండింటికీ కలిపే వైద్యం చెయ్యాలి."

"మళ్ళీ వాయిస్తానా?"

"ఇప్పుడే మాటివ్వలేను."

ఆ రోజే ఇంటికొచ్చి చక్కెర గిన్నె నా ముందుకు తోసింది. "నువ్వు తిను అన్నయ్యా, నీకెటూ పళ్ళు లేవుగా!"

మాత్రలు వేసుకుంది. చిగుళ్ళ లోపలిదాకా శుభ్రం చేయించుకుంది. ఆగస్టుకి చక్కెర దిగింది, నెత్తురు ఆగింది, ఒక పన్ను గట్టిపడింది. రెండోది మాత్రం ఊగుతూనే ఉంది. దాన్ని పక్క పంటికి సన్నటి తీగతో బిగించుకోవడానికి రాజధాని బిష్కెక్ వెళ్ళింది. కొముజ్‌ను సంచిలో వేసుకునే వెళ్ళింది.

నిన్న ఫోను మోగింది. హలో అన్నాను. ఒక్క మీటు, సన్నగా, చాలాసేపు వినిపించింది. తరవాత ఆమె గొంతు: "డాక్టరుగారి ముందే వాయించా అన్నయ్యా, పన్ను కదల్లేదు. టీ పెట్టి ఉంచు, చక్కెర మాత్రం దాచెయ్."

అక్టోబరు పద్నాలుగు, మంగళవారం, మధ్యాహ్నం బండిలో వస్తుంది.