బండి ముందు బాపు పెట్టే దండం

బానెట్ అంచు మీదుగా ఒక బంతిపువ్వు పైకి లేచింది. చెయ్యి కనబడలేదు, మనిషి కనబడలేదు. పువ్వొక్కటే ఒక క్షణం ఊగి మళ్ళీ కిందికి దిగిపోయింది. నా ఎడమకాలు క్లచ్ మీద ఉంది, మొదటి గేరు పడి ఉంది, కుడికాలు బ్రేకు మీది నుంచి అప్పుడప్పుడే లేస్తోంది. మొదట నాకు నవ్వొచ్చింది, గాలికి ఎగిరిందేమో అనుకున్నాను. గాలి లేదని, రాలిన పువ్వు తనంతట తాను పైకి లేవదని తోచేసరికి కుడికాలు మళ్ళీ బ్రేకు మీద పడింది. ఇంజను ఆపి, ఆ ఎత్తైన సీట్లో నుంచి ఎలా దిగానో నాకు తెలియదు.

ముందుకు పోయి చూస్తే, ఐదేళ్ళు నిండని మా చిన్నది ఇనుప గార్డుకు ఆనుకుని నిలబడి ఉంది. నానమ్మ దగ్గర కూర్చుని చాయ్‌లో రొట్టె ముంచుకుని తింటూ ఉండాల్సిన పిల్ల. దాని తల గార్డు పై కమ్మీకి కూడా అందడం లేదు. ముందు రోజు బండికి పూజ చేసినప్పుడు వాళ్ళ నాన్న పెట్టినట్టే ఆ కమ్మీ సందులో పువ్వు దోపాలని మునివేళ్ళ మీద లేచి చెయ్యి చాస్తోంది. "పువ్వు కిందపడ్డదమ్మా, మళ్ల పెడుతున్న" అంది. తిట్టాలని కూడా తోచలేదు. దాన్ని ఎత్తుకుని అరుగు మీద కూలబడ్డాను. బడికి తయారై వెనుక సీట్లో బెల్టు పెట్టుకుని కూర్చున్న పెద్దవాడు, ఏమయిందో తెలియక, లేటవుతోందని అరుస్తూనే ఉన్నాడు.

ఇది నిన్న జరిగింది. ఈ రాత్రి పిల్లలిద్దరూ పడుకున్నాక రాస్తున్నాను. నా ఈడు తల్లులు, పని నడుమ ఉలిక్కిపడి గేటు వేశానా లేదా అని వాకిట్లోకి పరుగెత్తేవాళ్ళు, చదువుతారని రాస్తున్నాను. కళ్ళు మూసుకుంటే ఆ పువ్వే లేస్తోంది. దాని వెనకాలే, నిన్నటిదాకా ఎవరికీ చెప్పని ఒక ఎండాకాలం కూడా లేచి వస్తోంది.

ఆ బండి మా బాపుది, మా నాన్నది. కాటారంలో మా ఇంటి ముందు ఎప్పుడూ మట్టి కొట్టుకుని నిలబడి ఉండేది. ముందు రెండు సీట్లు, వెనుక బల్లలాంటి ఒక సీటు, దాని వెనుక సామాను వేసే తొట్టి. నాలుగు చక్రాలూ లాగే పికప్ ఆ చుట్టుపక్కల అదొక్కటే కావడంతో, ఎండలు ముదిరాయంటే బాపు ఇంటి పట్టున ఉండేవాడు కాదు. అడవి అంచు ఊళ్ళలో కూలీలు బీడీల కోసం తెంపుకొచ్చిన తునికాకు కల్లాల్లో ఎండి బస్తాల్లోకి ఎక్కాక, ఆ బస్తాలను వాగు దాటించి, లారీ నిలబడే రోడ్డు దాకా చేర్చడం ఆయన పని. ఎండాకాలం వాగులో నీళ్ళుండవు గానీ, చక్రాలను మింగే ఇసుక ఉంటుంది. అందులో దిగే ముందు బండి ఆపి, కిందికి దిగి, ముందు చక్రాల బొడ్డు దగ్గర ఉండే గుండ్రటి బిళ్ళలను వంగి చేత్తో తిప్పాలి. అప్పుడే ఇంజను బలం ముందు చక్రాలకు కూడా అందుతుంది. వాటిని బాపు తాళాలు అనేవాడు. సెలవుల్లో ఆయనతో పోయినప్పుడు కుడి చక్రం తాళం ఆయనది, ఎడమ చక్రం తాళం నాది. కాలిపోతున్న ఇనుమును గౌను అంచుతో పట్టుకుని తిప్పితే టక్కుమని పడేది. ఆ చప్పుడు వింటే చాలు, బండిని నేనే నడిపిస్తున్నంత మిడిసిపాటు నాకు.

వాగు ఒడ్డునే ఉండే ఒక కల్లంలో ఒకనాడు బస్తాలు ఎక్కించడం అయింది. బాపు ఇంజను స్టార్ట్ చేసి, తాళాలు వేద్దామని దిగాడు. ఆయన అటు పోయాడు, నేను ఇటు వచ్చాను. నా చక్రం దగ్గర వంగితే, చక్రం వెనకాల, బండి నీడలో, పాత చీర ముక్క మీద ఒక పసిపిల్ల నిద్రపోతోంది. పిడికిలి నోట్లో పెట్టుకుని ఉంది. ఇంజను అదురుకు చీర అంచు సన్నగా వణుకుతోంది, పిల్ల మాత్రం కదలడం లేదు. నేను అరవలేదు, "బాపూ, పాప" అన్నాను, అంతే.

బాపు ఇటు తిరిగి వచ్చి కూర్చున్నాడు. పిల్లను చీరతో సహా మెల్లగా లాగి, గుండెకు ఆనించుకుని, ఇప్పచెట్టు కింద నీళ్ళ కుండ పక్కన పడుకోబెట్టాడు. అటు తిరిగి ఆకు కట్టలు పేరుస్తున్న తల్లి అప్పుడు చూసి పరుగెత్తుకొచ్చింది. "ఏం లేదు చెల్లే, ఎండ మీదికి రావట్టింది, గిటు పండబెట్టిన" అన్నాడు. ఆమె "మంచిదన్నా" అని మళ్ళీ పనిలోకి పోయింది. ఆమెకు ఇవాళ్టికీ తెలియదు. వాగు నడిమధ్యకు పోయాక బాపు నోరు విప్పాడు. "బిడ్డా, ఇంట్ల మీ అమ్మకు గూడ చెప్పకు. ఆ తల్లిని నలుగురు నాలుగు తీర్ల అంటరు. నీడ యాడుంటె ఆడ పండబెట్టింది, ఆమె తప్పేంది?"

ఆ మర్నాటి నుంచి బాపుకు ఒక అలవాటు పట్టుకుంది. వాగైనా, తారు రోడ్డైనా, మా ఇంటి వాకిలైనా సరే, బండి ఎక్కే ముందు ముందుకు పోయి, కుడిచెయ్యి బంపరు మీద ఆనించి, చెంప నేలకు తగులుతుందా అన్నంత కిందికి వంగి, ఆ చక్రం నుంచి ఈ చక్రం దాకా చూసి, లేచి, చెయ్యి కళ్ళకద్దుకునేవాడు. చూసిన వాళ్ళందరూ దండం అనుకున్నారు, ఆయన కాదనలేదు. లారీ డ్రైవర్లు ఏడిపించేవాళ్ళు. "ఏందన్నా, గింత మొక్కుతె డీజిల్ కొట్టకున్నా నడుస్తదా?" అంటే, "నడుస్తదేమో సూద్దాం, నువ్వు గూడ ఓసారి మొక్కరాదు" అని నవ్వేసేవాడు. మా అమ్మ అయితే, ఇంట్లో దేవుడి ముందు ఏనాడూ అంత వంగని మనిషికి ఇనుము మీద ఇంత భక్తి ఏమిటని పండగ పండగకూ దెప్పేది. ఆ దండం ఎందుకో ఆయనకు తెలుసు, నాకు తెలుసు. నేను డిగ్రీకి బస్సులో భూపాలపల్లి పోయివచ్చే రోజుల్లో అదే వాగు ఇసుకలో నాకు డ్రైవింగ్ నేర్పినప్పుడు కూడా, క్లచ్ గురించి చెప్పకముందే "దండం పెట్టినవా?" అని అడిగేవాడు. కాలేజీ పిల్లను, ఎవరైనా చూస్తారేమోనని అటూ ఇటూ చూసి గబుక్కున వంగి లేచేదాన్ని. "గది దండం గాదు, మళ్ల పెట్టు" అనేవాడు.

పోయిన ఏడాది చూపు మందగించాక ఆయన బండిని మాకు పంపించాడు. దంతాలపల్లిలో మా ఆయనకు మోటార్లు బాగుచేసే షాపు ఉంది. బోరులో మోటారు కాలిందంటే చేను దాకా పోయి పైకి లాగాలి. వానాకాలం నల్లరేగడి దారుల్లో ఈ బండే దిక్కు, కానీ ముసలిది. ఒక చేను గట్టున బురదలో పొట్ట ఆనించి కూర్చుంటే ట్రాక్టరుతో లాగించుకురావలసి వచ్చింది. దాన్ని ఎవరో ఫోన్లో తీసి ఊరంతా తిప్పారు, రైతులు వారం రోజులు పరాచికాలాడారు. అప్పుడే మా ఆయన నిశ్చయించుకున్నాడు, చేనుకైనా బడికైనా ఒకటే బండి, దాన్ని సక్కగ చేయించాలని. జనగామలో ఒక మేస్త్రీ దగ్గర పెట్టి, కింది స్ప్రింగు కమాన్లకు అదనపు పట్టీలు వేయించి ఎత్తు లేపించాడు, పెద్ద టైర్లు వేయించాడు, ముందర ఇనుప గార్డు, పిల్లలకు కొత్త సీట్లు, బెల్టులు, వెనక్కి తీసేటప్పుడు చూసుకోవడానికి కెమెరా, అన్నీ పెట్టించాడు. బ్రేకులు కొత్తగా చేయించాడు. ఆ చేయించడంలో మా మీద ప్రేమ లేదని నేనెప్పుడూ అనను. చక్రాల తాళాలు కూడా తీయించేశాడు. "ఇగ బురదల దిగి చెప్పులు ఖరాబ్ చేస్కునుడు లేదమ్మా, సీట్ల కూసుండి రాడ్ గుంజితె సరి" అని మేస్త్రీ నాకు స్వయంగా చూపించాడు. నాకూ బాగుందనిపించింది.

బండి ఇంటికి వచ్చినరోజు వీడియో కాల్‌లో బాపుకు చూపించాం. కళ్ళద్దాలు సర్దుకుంటూ చూసి, "అన్ని మంచిగనే ఉన్నయి గని అల్లుడా, దిగే పని లేకుంటె ఎట్ల?" అన్నాడు. "గదే గద మామా సుఖం" అని మా ఆయన నవ్వాడు. నేనూ నవ్వాను.

నిన్న మధ్యాహ్నం మా ఆయన అన్నానికి వచ్చినప్పుడు, బండిని మళ్ళీ కిందికి దించమన్నాను. వానల ముందర దించితే మళ్ళీ ట్రాక్టరే గతి అన్నాడు. "కెమెరా పెట్టిచ్చిన గదనే" అన్నాడు. "అది ఎనుక చూపిస్తది. పిల్ల ముందర ఉండె" అన్నాను. బండి ముందర నిలబడొద్దని పిల్లకు గట్టిగా చెప్పాలె అన్నాడు. ఈలోపు మా అత్తమ్మ, "గిది దిష్టి. నేను అప్పుడే అన్న, ఒక్క గుమ్మడికాయ సాలదని. రేపు ఐతారమే గద, బడి గూడ ఉండది, బండిని చిల్పూరు గుట్టకు తీస్కపోయి పెద్ద పూజ చేపిద్దాం" అంది. ఆ మాటకు నాకు కోపమూ ఏడుపూ కలిసి వచ్చి, ఇన్నేళ్ళు దాచుకున్న కల్లం సంగతి అన్నం పళ్ళేల ముందే చెప్పేశాను. ఆ తల్లి ఊరూ పేరూ చెప్పలేదు, ఇక్కడా చెప్పడం లేదు. బాపు మాట అంతవరకు నిలబెట్టినట్టే అనుకుంటున్నాను.

ముందు మా అత్తమ్మే మాట్లాడింది. "కూలికి పోయినప్పుడు మేం గూడ గట్లనే పండబెట్టేటోళ్లం. ఇగో, వీన్ని ఎన్నిసార్లు ఎడ్లబండి కింద పండబెట్టిన్నో. ఇంకేడ నీడ ఉంటది?" అని కొడుకు వైపు చూపించింది.

మా ఆయన లేచి చెయ్యి కడుక్కుని వాకిట్లోకి పోయాడు. కిటికీలో నుంచి చూశాను. ఆ గొడవలో బడికి పోకుండా ఇంట్లోనే ఉండిపోయిన పెద్దవాణ్ణి బండి ముందు నిలబెట్టి తాను స్టీరింగ్ వెనుక కూర్చున్నాడు. ఇంకొంచెం ఎనక్కి పో, ఇంకొంచెం పో, అని చేత్తో చూపిస్తున్నాడు. వాడు ఆటనుకుని నవ్వుకుంటూ అడుగు అడుగు వెనక్కి పోతున్నాడు. గేటు దగ్గరికి పోయేదాకా ఆయన చెయ్యి ఆగలేదు. లోపలికి వచ్చాడు. "ఇంత పోరడు గూడ కనబడుతలేడే" అన్నాడు. ముందర కూడా ఒక కెమెరా పెట్టిస్తానన్నాడు. పెట్టించమన్నాను. దాని మీద బురద పడదా అని మాత్రం మనసులో అనుకున్నాను.

ఇప్పుడు ఒక్కదాన్నే కూర్చుని ఆలోచిస్తే, బాపు కాలంలో ఆ పనే మనిషిని కిందికి దించేది, వంచేది, చక్రాల పక్క ఏముందో చూపించేది అనిపిస్తోంది. బండి తేలికైంది, మంచిదైంది, మా నడుములకు సుఖమైంది, ఆ వంగడం మాత్రం ఎవరూ వద్దనకుండానే పోయింది. పైగా అప్పుడు ఆ బండి కింద పసిపిల్ల పడుకునేంత చోటే ఉండేది, ఎత్తు లేపాక ఇప్పుడు బడికి పోయే పిల్ల కూర్చుని ఆడుకోవచ్చు. బాపు తల్లులకు చెప్పలేదు, పిల్లలకు చెప్పలేదు, జాగ్రత్తను తన నడుము మీద వేసుకున్నాడు. అందుకే అది దండంలా కనబడిందేమో.

ఈ పొద్దున చిల్పూరు బయల్దేరే ముందు పిల్లలిద్దరినీ అరుగు మీద కూర్చోబెట్టాను. బండి ముందు నిలబడితే వీపు పగులుతుందని చెప్పాలనే పోయాను. చిన్నదాని చేతిలో మళ్ళీ బంతిపువ్వు ఉంది. దాన్ని చూశాక మాట మారింది.

"పువ్వు నాకియ్యి. ఇవాళ్టి సంది బండి నడిపేటోళ్లే పువ్వు పెట్టాలె. మీరైతె బండిల ఉండాలె, లేకుంటె గీ అరుగు మీద ఉండి చెయ్యెత్తాలె. మీ చేతులు కనబడకుంటె బండి కదలది. బడి లేదు, గుడి లేదు."

"తాత గూడ పెట్టేటోడా?" అన్నాడు పెద్దవాడు.

"తాతనే నేర్పిండు" అన్నాను.

కమ్మీ సందులో పువ్వు దోపి, చెయ్యి ఆనించి, నా చెంప సిమెంటుకు తగిలేదాకా వంగాను. కొత్త టైర్ల వాసన. ఆ చివర వెనుక చక్రాల దగ్గర మా ఆయన కూడా వంగి ఉన్నాడు. బండి కింద ఇద్దరం ఒకరినొకరం చూసుకున్నాం. నేను లేచి చెయ్యి కళ్ళకద్దుకుంటే, అరుగు మీద చెయ్యెత్తి నిలబడ్డ చిన్నది అడిగింది, "అమ్మా, బండి కింద దేవుడున్నడా?" అని.

"ఇయ్యాల ఎవ్వరు లేరు బిడ్డా" అని చెప్పాను. "రేపు మళ్ల చూడాలె."