కుడివైపు కప్పు

మంచిర్యాల రైల్వే గేటు పక్కన ఎల్లేశం సైకిల్ షాపు పెట్టి ముప్పై ఎనిమిదేళ్లు. వేములవాడ దగ్గర మగ్గాల మీద బతికిన ఇల్లు వాళ్లది. పదహారో ఏట ఆ నూలు దుమ్ము మింగలేక బస్సెక్కి వచ్చేశాడు, పని నేర్చుకున్నాడు. అప్పట్లో బొగ్గు గని సైరన్ మోగిందంటే రోడ్డు నిండా సైకిళ్లే. ఇప్పుడు కార్మికుల కొడుకులకు మోటారు బండ్లు కావాలి. ఎల్లేశానికి మిగిలింది పంక్చర్లు, గాలి పంపు. పనితనం గురించి మాట్లాడితే జనం నవ్వే కాలం వచ్చింది.

అలాంటి రోజుల్లో శ్రీహరి కారులోంచి ఒక సైకిల్ దింపాడు. బస్టాండు ఎదుట ఖరీదైన గేర్ల సైకిళ్ల షోరూమ్ తెరవబోతున్న కుర్రాడు. దింపింది మాత్రం తుప్పు పట్టిన పాత బండి. పొట్టేలు కొమ్ముల్లా వంగిన హ్యాండిల్, వేలంత సన్నని టైర్లు. నలభై ఏళ్ల కింద గనిలో యంత్రాలు బిగించడానికి వచ్చిన ఫ్రాన్సు ఇంజనీరు పోతూ పోతూ వదిలేసింది. పాతసామాన్ల కొట్టులో దొరికిందట.

"కొత్తదాని లెక్క చెయ్యాలె కాకా. షోరూమ్ ఎనకాల సర్వీసు షెడ్డు పెడుతున్న. గిది చేసి చూపెట్టు, ఆడ నువ్వే మేస్త్రివి."

మేస్త్రి. ఆ మాటను ఎల్లేశం అన్నం తింటూ భార్య మల్లక్కకు రెండుసార్లు చెప్పాడు.

"ఇంగ గాలి కొట్టుడు బంద్."

"ముందుగాల షెడ్డు లేవనియ్యి. గిప్పుడే ఎగిరితె, పడ్డంక నీ నడుముకు నూనె రాసేది నేనే" అంది ఆమె.

పది రోజులు వేరే బేరాలు ముట్టుకోలేదు. చక్రాల ఇరుసుల్లో రాయిలా ఎండిన గ్రీజును గోకి, అరిగిన బేరింగు గుండ్లు తీసేసి కొత్తవి పేర్చాడు. ఫ్రీవీలును రెండు రోజులు కిరోసిన్‌లో నానబెట్టాడు. బ్రేకు తీగలు మార్చాడు. వంకరపోయిన రిమ్మును చక్రం పుల్లలు ఒక్కొక్కటే బిగిస్తూ సాపు చేశాడు. ఇక పెడళ్ల నడిమి ఇరుసు మిగిలింది. దానికి రెండు పక్కలా రెండు ఇనుప కప్పులు. ఎడమది పానా పెట్టగానే వచ్చింది. కుడిది మొరాయించింది.

మన సైకిళ్లలో ఆ కుడి కప్పుది ఉల్టా మర. బిగించే దిక్కుకు తిప్పితేనే ఊడుతుంది. పని తెలియనివాడు దొరికిపోయేది అక్కడే. ఎల్లేశం చెయ్యి ఆలోచించకుండానే అటు తిరుగుతుంది.

బల్ల మీద కూర్చున్న హనుమండ్లు గొంతు సవరించుకున్నాడు. ఒకప్పుడు ఆ ఇంజనీరుకే జీపు తోలినవాడు.

"ఎల్లన్నా, గా దొర ఓపారి గీ బండి ఇప్పుకుంట చెప్పిండు. వాళ్ల దేశపు సైకిల్‌కు రెండు దిక్కులా మర ఒక్కతీరే ఉంటదట. ఉల్టా ఉండదట."

"నువ్వు జీపు తోలినవ్. నేను వేల సైకిళ్లు ఇప్పిన. తాతకు దగ్గుడు నేర్పకు."

"ఇన్నది చెప్పిన. నాదేం పోయింది? నీ పానా, నీ ఇష్టం."

ఎల్లేశం పానాకు గజం పొడుగు పైపు తొడిగాడు. రాలేదు. మంట చూపించాడు. రాలేదు. పైపు మీద ఒళ్లంతా వేసి వంగాడు. ఒక్కసారిగా కప్పు కదిలింది.

"సూస్తివా?"

హనుమండ్లు బల్ల దిగి వంగి చూశాడు. కప్పు గిర్రున తిరుగుతోంది గాని బయటికి రావడం లేదు. లోపలి నుంచి సుత్తితో తడితే ఊడిపడింది, దాని వెంట తీగల్లాంటి ఇనుప పొట్టు. ఎల్లేశం ఫ్రేములో కప్పు ఉన్న చోట వేలు పెట్టి చూశాడు. మర లేదు, అద్దంలా నున్నగా ఉంది. నలభై ఏళ్ల తుప్పు చెయ్యలేని పనిని ఆయన అనుభవం పావుగంటలో చేసింది.

"పా, చాయ తాగొద్దాం" అన్నాడు హనుమండ్లు. ఎగతాళి చేసినా బాగుండేది.

ఆ కొలత కప్పు జిల్లా మొత్తంలో దొరకదు. లేత్ మిషనాయన ఫ్రేమును చూసి తల అడ్డంగా ఊపాడు. మర్నాడు ఎల్లేశం కప్పుకు రేకు ముక్క చుట్టి, జిగురు పూసి, సుత్తితో దిగగొట్టాడు. రంగు వేశాక ఎంతటివాడూ పట్టలేడు. చేత్తో తిప్పితే పెడలు చప్పుడు లేకుండా తిరిగింది. ఎవడైనా లేచి నిలబడి తొక్కాడా, కప్పు ఊడుతుంది, వాడి మూతి రోడ్డుకు తగులుతుంది.

షోరూమ్‌లో శ్రీహరి పెడలు తిప్పి చూసి ఈల వేశాడు. "కడక్ చేసినవ్ కాకా!"

ఊరుకుంటే మేస్త్రి పని. ఎల్లేశం ఊరుకోలేకపోయాడు.

"సేటూ, అబద్ధమెందుకు. కుడి కప్పు మర నా చేతులనే పోయింది. రేకు చుట్టి అతికిచ్చిన. ఎవ్వల్ని ఎక్కనియ్యకు, పడ్తరు."

శ్రీహరికి కోపం రాలేదు, నవ్వు వచ్చింది.

"ఎవడెక్కుతడు కాకా? గోడకు తగిలిచ్చేటందుకే గది."

గోడకు అప్పటికే రెండు కొక్కేలు ఉన్నాయి, వాటి మీద చిన్న లైటు.

"మరి లోపలి గుండ్లన్నీ మార్చిన. ఫ్రీవీలు..."

"నిన్నెవరు మార్చమన్నరు? తుడిసి రంగేస్తె సాలు గద."

ఇద్దరు పనివాళ్లు సైకిల్‌ను ఎత్తి తగిలించారు. చైన్ ఉన్న వైపే చూడ్డానికి బాగుంటుందని కుడివైపును జనానికి కనబడేలా తిప్పారు. తప్పు ఒప్పుకుంటే పని పోతుందని ఎల్లేశం దారంతా భయపడ్డాడు. ఇక్కడ ఆ తప్పును ఎవరూ లెక్కలోకే తీసుకోలేదు, చేసిన పనిని తీసుకోనట్టే.

"మరి షెడ్డు సేటూ?"

"షెడ్డు కాన్సిల్. కంపెనీవాళ్లు రిపేర్లు వద్దన్నరు, ఖరాబైతే పార్టే మారుస్తరట. నువ్వైతె రా కాకా. డబ్బాలల్ల సైకిళ్లు వస్తయి, హ్యాండిళ్లు బిగియ్యి. పరేషాన్ లేని పని."

బడిపిల్లలు కూడా చేయగల పని. ఎల్లేశానికి నోటి దాకా తిట్టు వచ్చింది. గాలి పంపు మీద బతికేవాడికి తిట్టే స్తోమత ఉండదు. దాన్ని మింగేశాడు.

"పొద్దుగాల ఎన్నింటికి రావాలె?" అని అడిగాడు.