దౌరాకు వెళ్లిన ఊరు

నా కథల్లో వేరే గ్రహం మీద దిగినవాళ్లకు ఎవరూ ఎదురురారు. ఇళ్లు ఖాళీగా ఉంటాయి, పొయ్యి మీద మాత్రం ఏదో ఉడుకుతూ ఉంటుంది. ఇదేం ఊహ అని సంపాదకులు విసుక్కుంటారు. ఊహ కాదు, నేను చూసిందే.

నిజాం కాలంలో నేను సర్కారు తరఫున రాళ్లు పరీక్షించే చిన్న ఉద్యోగిని. దేవరకొండ చుట్టుపక్కల తిరిగేవాణ్ణి. సర్కారు మనిషి ఊళ్లు తిరగడాన్ని దౌరా అనేవారు. దౌరా వచ్చిందంటే కోళ్లు, మంచాలు, మూటలు మోసే మనుషులు, అన్నీ ఊరివాళ్లు ఊరికే ఇచ్చుకోవాలి. అందుకే మా బండ్ల దుమ్ము కనబడగానే జనం గుట్టల్లోకి పారిపోయేవారు.

ఒక ఊళ్లో పరుగెత్తలేని ముసలవ్వ ఒక్కతే మిగిలింది. నేను సుత్తితో బండను కొట్టి, రాలిన ముక్కను ఎండకు తిప్పి చూస్తుంటే దగ్గరికి వచ్చింది. చంకలో కోడిపెట్ట.

"రాళ్లకు గూడ పన్నేస్తున్నరా, దొరా?"

"లేదవ్వా. గీ రాయి ఎన్నేండ్ల కిందటిదో చూస్తున్న, గంతే."

ఆమె నమ్మలేదు. కోడిని నా కాళ్ల దగ్గర పెట్టింది. వద్దన్నాను. దొర వద్దన్నాడంటే చాలలేదని ఆమెకు తెలిసిన అర్థం. భుజం మీది గొంగడి తీసి కోడి పక్కన పెట్టింది.

"గింతకంటె నా తాన ఏం లేదు, నీ బాంచెన్."

నా కథల్లో ఆకాశనౌక దిగేవాళ్ల చేతికి ఒక్క ఆయుధమైనా ఇవ్వవేమని కూడా సంపాదకులు అడుగుతారు. ఆ రోజు నా చేతిలో ఉన్నది సుత్తి మాత్రమే.