మెషీన్ అడిగిన కీ

డర్బన్ పక్కన ఇసిపింగోలో నేను అద్దెకుంటున్న ఇంటి అక్క ఈ మంగళవారం ఉదయం ఆరు గంటలకు చనిపోయింది. గుండె ఆగిందన్నాడు డాక్టరు. తన తమ్ముడు ఎలా చనిపోయాడో నలుగురి ముందు చెప్పాలనుకుంది. చెప్పకుండానే పోయింది.

అన్ని రంగులవాళ్లకీ ఓటొచ్చిన మొదటి ఎన్నికలయ్యాక నేను విజయవాడ నుంచి డర్బన్‌లో పత్రిక ఉద్యోగానికి వచ్చినప్పుడు వెనక గది ఇచ్చింది. చర్చిలో ప్రార్థన ఇంగ్లీషులో చేసేది, తిట్టడం మాత్రం తెలుగులోనే. "నీ తెలుగు రేడియోలాగ ఉంది అబ్బాయ్, మనిషిలాగ మాట్లాడు" అనేది. ఇంటిమీద విమానం వెళ్తుంటే మాట ఆపి, అది దాటాక అదే పదం దగ్గర అందుకునేది.

ఎన్నికలకు ముందు, గొడవల రోజుల్లో, చర్చి హాల్లో ఒక పాత కంప్యూటర్‌ని ఆమే చూసుకునేది. ఎక్కడైనా కాల్పులని కబురు వస్తే అది వరసగా ఇళ్లకు ఫోన్ కలిపేది. రెండుసార్లు మోగి ఆగితే పిల్లల్ని లోపలికి పిలుచుకోవాలి. వచ్చినవాళ్లల్లా మీటలు నొక్కి పాడుచేస్తున్నారని కీబోర్డు పీకి ఇంటికి తెచ్చేసింది. నడుస్తున్న కంప్యూటర్ ఆ సంగతి పట్టించుకోదు. ఆగి మళ్లీ మొదలైనప్పుడే కీబోర్డు కోసం వెతుకుతుంది.

ఒక మధ్యాహ్నం కరెంటు పోయి వచ్చింది. హాల్లో ఉన్న తమ్ముడు ఇంటికి ఫోన్ చేశాడు.

"అక్కా, మెషీన్ కీ అడుగుతోంది."

"ఏ కీ రా?"

"నాకేం తెలుసు? కీ అని రాసుంది. తాళం వేశావా ఏంటి?"

"వేశానేమో. కీ నా దగ్గరే ఉంది, వచ్చి పట్టుకెళ్లు. బీన్స్ కూర చేశాను, తినిపో."

ఆ పాత పెట్టెకి ముందువైపు తాళం ఉండేది. మెషీన్ అడిగింది ఆ తాళంచెవిని కాదు, కీబోర్డు మీద మీటని. తమ్ముడు వచ్చాడు, తినలేదు, తాళంచెవి తీసుకుని బయల్దేరాడు. దారిలో కాల్చేశారు. ఘర్షణకి దిగి చనిపోయాడనీ, చేతిలో ఇనుప వస్తువు ఉందనీ పోలీసులు రాశారు. ఆ వస్తువు చిటికెనవేలంత ఉంటుంది.

అంత్యక్రియలయ్యాక అక్క హాలుకి వెళ్లి తెరమీద ఉన్నది పూర్తిగా చదివింది: కీబోర్డు లేదు, ఏదైనా కీ నొక్కండి. ఆ తర్వాత ఒక విరిగిన కీబోర్డు విప్పి, లోపలి చిన్న సర్క్యూట్ పలకని తీసి, దాన్నొక్కదాన్నే తగిలించింది. ఇక కరెంటు ఎన్నిసార్లు పోయినా మెషీన్ తనంతట తనే లేచేది. వేరే చర్చిలవాళ్లు కూడా వాళ్ల కంప్యూటర్లు మోసుకొచ్చేవారు.

"దానికి మీటలు అక్కర్లేదు అబ్బాయ్. ఉన్నావా అంటే ఉన్నా అనాలి, అంతే."

తమ్ముడి సంగతి ఎవరికీ ఎందుకు చెప్పలేదని ఒకసారి అడిగాను.

"నవ్వుతారు. కీ కోసం చచ్చాడంటారు."

టీ చల్లారిపోయింది. మళ్లీ పెట్టుకొచ్చాక అంది: "నవ్వనీలే. కొట్లాటకి పోయాడనేకంటే నయం."

మరుసటి వారమే వెళ్లి, గొడవల రోజుల చావుల నిజం తేల్చే విచారణ సంఘానికి సాక్షిగా పేరు ఇచ్చింది. ఆ ఫోన్ మాటలు విన్నవాళ్లలో అప్పటికి బతికున్నది ఆమె ఒక్కతే.

శనివారం పదింటికి చర్చిలో ప్రార్థన. వచ్చే బుధవారం తొమ్మిదింటికి డర్బన్‌లో విచారణ, మొదటి సాక్షి ఆమే. ఆమె బదులు నేను రాసిన ఇది చదవనివ్వమని అర్జీ పెట్టాను. ఒప్పుకునేదీ లేనిదీ ఆ ఉదయం, ఆమె పేరు పిలిచాకే చెప్తారట.